చెయ్యి ఖాళీ అయ్యాక

కింది వాటాలో ఉండే అమ్మాయి సోమవారం సాయంత్రం ఫోన్ పట్టుకుని పైకొచ్చింది. ఏదో కంపెనీలో ఇంటర్న్‌షిప్‌కు దరఖాస్తు. పేరు, కాలేజీ, మార్కులు అన్నీ నింపేసింది, ఒక్క గడి మిగిలింది. ‘మీ ప్యాషన్ ఏమిటి? 50 పదాలకు మించకుండా రాయండి.’

“అంకుల్, మీరు రాస్తారు కదా, నాకేదైనా మంచి ప్యాషన్ చెప్పండి” అంది.

నా రోగం ఈ కాలమ్ పాత పాఠకులకు తెలిసిందే. చెంపకు మైకు తగిలించుకుని వేదిక మీద అటూ ఇటూ తిరుగుతూ, నచ్చిన పని చేయండి, డబ్బు దానంతటదే వస్తుంది అని చెప్పే వక్తల మీద ఇప్పటికే చాలా సిరా ఒలకబోశాను. వాళ్ల ఫీజు మాత్రం దానంతటది రాదు, ముందే కట్టించుకుంటారని కూడా రాశాను. ఒకాయన నొచ్చుకుని ఉత్తరం రాస్తే అదీ వేశాం. నా గొడవల్లా ఒక్కటే. ఈ ప్రశ్న మనం ఎవరిని అడుగుతున్నాం? మా మేనత్తను ఎవరైనా అడిగారా?

అత్తమ్మది పోచంపల్లి. ఆ ఊరి పేరెత్తితే చాలు, 1951, వినోబా భూదానం, వెదిరె రామచంద్రారెడ్డి ఇచ్చిన 100 ఎకరాలు అంటూ అందరూ అప్పజెబుతారు. మంచిదే. అదే ఊళ్లో ఆసు ముందు కూర్చున్న ఆడవాళ్ల గురించి మాత్రం నాకు ఏ మాస్టారూ చెప్పలేదు.

ఆసు అంటే ఒక చట్రం. ఒక కొసన ఒకటే మేకు, దానికెదురుగా అర్ధచంద్రాకారంలో వరసగా బోలెడు మేకులు. నూలును ఈ ఒంటి మేకు నుంచి ఎదురు మేకుకు, అక్కణ్నుంచి వెనక్కి, మళ్లీ పక్క మేకుకు చేత్తో తిప్పుకుంటూ పోవాలి. దీన్నే ఆసు పోయడం అంటారు. ఆ పోగుల మీదే తర్వాత డిజైను గీస్తారు. రంగు అంటకూడనిచోట సైకిల్ ట్యూబు కోసిన రబ్బరు పట్టీలతో బిగించి కడతారు, రంగులో ముంచుతారు, విప్పుతారు, మరోచోట కడతారు. అది చిటికి కట్టడం. నేత మొదలయ్యేసరికే పేక నూలులో చిలకా ఏనుగూ సిద్ధంగా ఉంటాయి. అంతా బాగానే ఉంది కానీ, ఒక్క చీరకు ఆసు పోయాలంటే చెయ్యి సుమారు 9000 సార్లు అటూ ఇటూ ఆడాలి, ఒక్కో విసురుకు దాదాపు మీటరు దూరం. నాలుగైదు గంటల పని. రోజుకు రెండు చీరలంటే 18000 సార్లు.

వేసవి సెలవుల్లో నేను ఆమె పక్కన చతికిలబడి చూసేవాణ్ని. కుడి చూపుడువేలి పక్కన పోగు ఒరిసి ఒరిసి పడ్డ గీత, దాని మీద పసుపు. పెదాలు కదులుతూనే ఉండేవి, లెక్క పెట్టుకోవడం. పలకరిస్తే కసిరేది: “సప్పుడు జెయ్యకురా, లెక్క తప్పుతది.” రాత్రి నువ్వుల నూనె వెచ్చజేసి భుజానికి రాయించుకునేది. జడ మాత్రం కూతురు వేయాల్సిందే. చెయ్యి తల వెనక్కి లేచేది కాదు.

ఆలేరు దగ్గర శారాజీపేటలో ఇంకో అమ్మకూ ఇదే భుజం నొప్పి. ఆమె కొడుకు చింతకింది మల్లేశం ఆరో తరగతితో బడి మానేసి మగ్గంలో దిగినవాడు. 1992లో ఆసు పోసే యంత్రం చేయడం మొదలుపెట్టి 1999లో పూర్తిచేశాడు, అమ్మ పేరుతో దాన్ని లక్ష్మీ ఆసు అన్నాడు. ఆ యంత్రం గంటన్నరలో ఒక చీరకు ఆసు ముగించింది. 2017లో పద్మశ్రీ, 2019లో ప్రియదర్శితో సినిమా, మీకు తెలిసినవే. నా వక్తలు ఇప్పుడు ఆయన పేరును కూడా తమ ఉపన్యాసాల్లోకి లాగేశారు. ప్యాషన్ ఉంటే ఎంత దూరమైనా వెళ్లవచ్చట! అయ్యా, ఆయన్ని నడిపించింది అమ్మ భుజం. నచ్చిన పని వెతుక్కుంటూ ఇంట్లోంచి బయల్దేరిన మనిషి కాడు.

ఇక్కడ ఆపేస్తే ఈ వారం కాలమ్ నిండేది, నేను గెలిచేవాణ్ని. కానీ రాస్తుంటే ఒక చిక్కొచ్చిపడింది. అమ్మ భుజం నొప్పి చూసిన కొడుకులు ఆ చుట్టుపక్కల ఎంతమంది ఉంటారు? ఊరూరా ఉంటారు. మేనల్లుణ్నైన నేనూ చూశాను, పాపం అనుకుని చందమామ తెరిచాను. అమ్మ మీద ప్రేమ ఒక్కటే ఉన్నవాడు ఆమె చేత ఆసు మాన్పించి, తాను వేరే పనిలో చేరి నాలుగు డబ్బులు పంపుతాడు. చాలామంది అలాగే చేశారు, అందులో వంక పెట్టడానికేమీ లేదు. మల్లేశం మాత్రం డబ్బు చాలక హైదరాబాద్ వెళ్లి కరెంటు పనులు చేశాడు, సంపాదించింది మళ్లీ ఆ యంత్రం మీదే పోశాడు. బాలానగర్‌లో పనికి వెళ్లినచోట ఒక యంత్రం కదలిక చూసి, తనకు అన్నాళ్లూ తేలని కదలిక ఇదేనని పట్టేశాడు. పొద్దంతా వైర్లు లాగుతున్నవాడికి ఇంకో యంత్రం ఎలా ఆడుతోందో చూడాలనిపించడం అవసరం వల్ల వచ్చేది కాదు. ఏడేళ్లపాటు ఆ మేకులు మనిషిని వదల్లేదంటే దానికో పేరు పెట్టాలి. సరే, ప్యాషన్ అనే అనండి, నేను అడ్డుచెప్పను.

అంతకన్నా నన్ను ఇబ్బంది పెట్టింది అత్తమ్మే. ఆసు యంత్రాలు వచ్చాక వాళ్లు కొనలేదు. కొన్నవాళ్లింట్లో చీరకింత అని ఇచ్చి పోయించుకునేవాళ్లు. ఇక ఆమె నడుం వాలుస్తుంది, సీరియళ్లు చూస్తుంది అనుకున్నాను. అన్నాళ్లూ మామయ్య, బావ కూర్చున్న చిటికి పీట మీదికి ఆమె చేరింది. గ్రాఫు కాగితం పక్కన పెట్టేసి చిలకలు కట్టడం మొదలుపెట్టింది. ఆమెలో ఈ పిచ్చి ఉందని ఇంట్లో ఎవరికీ తెలీదు, బహుశా ఆమెకూ తెలీదు. రోజుకు అన్ని వేలసార్లు చెయ్యి విసిరే మనిషికి తనకేది ఇష్టమో చూసుకునే తీరిక ఎక్కడిది? భుజం మీది బరువు దిగాక బయటపడింది. పొద్దున ఆరింటికి బస్సెక్కి రాత్రి ఎనిమిదింటికి ఇల్లు చేరే కింది వాటా అమ్మాయి విషయంలో కూడా నేనిదే అనుకుంటున్నాను. ఆ గడి ఖాళీగా వదిలెయ్యమన్నాను. ఆమె మాత్రం ‘టీమ్ వర్క్’ అని రాసి పంపేసిందట.

ఒకసారి షావుకారు చిన్న చిలకలు కట్టమన్నాడు, ముళ్లు తక్కువ, పని త్వరగా తెములుతుంది. అత్తమ్మ ఒప్పుకోలేదు. “ముక్కు వంకర లేకుంటే అది చిలక గాదు, పిచ్చుక. నేను గిట్లనే కడత, ఇష్టముంటే తీస్కపొమ్మను” అంది. అతను తీసుకుపోయాడు. ఎప్పుడూ ఇచ్చే కూలే ఇచ్చాడు.

నేనుండబట్టలేక అడిగాను, “అత్తమ్మా, నీకీ పనంటే అంత ఇష్టమా?”

“ఇష్టమేందిరా! గా ఆసు మేకులు కనవడితే ఇప్పటికీ పెరికి పారేయబుద్ధయితది. ఇది వేరే. నువ్వు పేపర్ల రాస్తవ్ గద, గా షావుకారిని కూలి పెంచుమని రాయి.”