చితిని ఎగదోసే కర్ర

1907 నవంబరు 18. మండుటెండలో ఒక తెలుగు పండితుడు అరుణాచలం కొండ మీది విరూపాక్ష గుహకు ఎక్కిపోయాడు. బొబ్బిలి దగ్గరి కలువరాయిలో పుట్టిన అయ్యలసోమయాజుల గణపతి శాస్త్రి ఆయన. నవద్వీపంలో ‘కావ్యకంఠ’ బిరుదు పొందినవాడు, మంత్రజపం విస్తారంగా చేసినవాడు. అంతటివాడు ఆ గుహలో ఉంటున్న, తనకంటే ఏడాది చిన్నవాడైన బ్రాహ్మణస్వామి కాళ్ల మీద పడ్డాడు. చదవాల్సింది చదివాను, జపించాల్సింది జపించాను, తపస్సంటే ఏమిటో మాత్రం అంతుపట్టలేదన్నాడు.

స్వామి చాలాసేపు ఊరికే చూశాడు. ‘నేను’ అనే తలంపు ఎక్కడ పుడుతోందో కనిపెట్టి ఉంటే మనసు అక్కడే అణిగిపోతుంది, మంత్రమే కావాలంటే ఆ నాదం ఎక్కడినుంచి లేస్తోందో చూడు, తపస్సంటే అదే అన్నాడు. జపసంఖ్య పెంచమనలేదు. గణపతి శాస్త్రి పొంగిపోయి ఆ స్వామికి భగవాన్ శ్రీ రమణ మహర్షి అని పేరు పెట్టాడు.

ఈ పద్ధతిని చాలామంది ‘నేనెవరు, నేనెవరు’ అని జపించడం అనుకుంటారు. కాదు. ‘నేను బ్రహ్మను’ అని నచ్చజెప్పుకోవడమూ కాదు. ఒక తలంపు వస్తుంది: రేపటి అప్పు, నిన్నటి మాట, ఏదైనా సరే. దాని వెంట పడకుండా ఇది ఎవరికి వచ్చిందని అడగాలి. నాకు. ఆ నేను ఎవరు? జవాబు మాటల్లో రాదు, రానక్కర్లేదు. చూపు వెనక్కి తిరగడమే పని. మళ్లీ తలంపు వస్తుంది, మళ్లీ అదే. చివరికి ఆ ప్రశ్న కూడా మిగలదంటారు రమణులు. చితిని ఎగదోసే కర్ర ఆఖరున అదే చితిలో కాలిపోయినట్టు. 1902 ప్రాంతంలో శివప్రకాశం పిళ్ళై అడిగిన ప్రశ్నలకు మౌనంలో ఉంటూనే రాసి ఇచ్చిన జవాబుల్లో, అంటే ‘నేనెవరు?’ పుస్తకంలో, ఈ పోలిక ఉంది.

నాకు ఇందులో గట్టి మాట ఆ కర్రే. సంసారం వదిలినవాడు కూడా ‘నేను సాధకుణ్ణి’ అన్న ఆస్తిని భద్రంగా దాచుకుంటాడు. ఎన్ని క్షేత్రాలు తిరిగాం, ఎందరు గురువుల్ని చూశాం అని లెక్కపెట్టుకునేవాళ్లు మనలో తక్కువేం లేరు. నా లెక్కా ఒకటుంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. రమణులు పదో మనిషి కథ చెప్పేవారు. ఏరు దాటిన పదిమంది అమాయకులు ఒక్కొక్కరూ తమను వదిలేసి లెక్కపెట్టుకుని, ఒకడు కొట్టుకుపోయాడని గొల్లుమన్నారు. దారినపోయేవాడు ఒక్కొక్కణ్ణీ తట్టి లెక్కపెట్టించాడు. పదో దెబ్బతో ఏడుపు ఆగింది. దొరికినవాడెవడూ లేడు, పోతే కదా!

దెబ్బ తిన్నా లెక్క ఆపని వాళ్లుంటారు. లోకానికి రమణుల్ని చూపించిన గణపతి శాస్త్రి, అంటే తర్వాతి గణపతి ముని, మంత్రబలంతో దేశాన్ని బాగుచేయాలన్న సంకల్పం మాత్రం వదులుకోలేదు. అరుణాచలం మామిడి గుహలోనూ మరెన్నో చోట్లా తపస్సు చేస్తూనే పోయాడు. రమణులు ఆయన్ని వారించలేదు, ‘నాయనా’ అని ఆప్యాయంగానే పిలిచేవారు. 1936లో ముని ఖరగ్‌పూర్‌లో కన్నుమూశారన్న తంతి ఆశ్రమానికి చేరినప్పుడు ఆ స్వామి కళ్లు చెమర్చాయి.