గోడ దగ్గర ఆగిన తీర్పు

ఆరెగన్ రాష్ట్రంలో పసిఫిక్ సముద్రం ఒడ్డున ఫ్లోరెన్స్ అని ఒక చిన్న ఊరుంది. 1992 జనవరి 16న, తెల్లవారుజామున మూడు గంటల ఇరవై నిమిషాలకి, అక్కడి ఒక వీధిలో ప్రభుత్వ మనుషులు కారు ఆపుకుని కూర్చున్నారు. వాళ్ళ దగ్గరున్నది అగెమా థర్మోవిజన్ 210 అనే కెమెరా. అది వెలుతురుని చూడదు, వేడిని చూస్తుంది. ఎదురుగా ఉన్న ఇంటి గరాజ్ పైకప్పూ, ఒక పక్క గోడా మిగతా ఇంటికన్నా, పక్క వాటాలకన్నా వేడిగా ఉన్నట్టు అందులో తేలింది. అంతా కొద్ది నిమిషాల పని. కారు దిగలేదు, తలుపు తట్టలేదు. ఆ చిత్రం, కరెంటు బిల్లులు, వేగులు చెప్పిన కబుర్లు అన్నీ కలిపి జడ్జికి చూపించి వారెంటు తెచ్చుకుని లోపలికి వెళితే వందకి పైగా గంజాయి మొక్కలు, వాటి మీద పెద్ద పెద్ద దీపాలూ కనిపించాయి.

డానీ కైలో అనే ఆ ఇంటాయన కేసు తొమ్మిదేళ్ళు నడిచి సుప్రీంకోర్టుకి చేరింది. 2001 జూన్ 11న తీర్పు. అయిదుగురు ఒక వైపు, నలుగురు ఒక వైపు. వారెంటు లేకుండా ఇంటిని ఇలాంటి కెమెరాతో చూడటం కూడా రాజ్యాంగం నాలుగవ సవరణ ప్రకారం సోదాయే అన్నారు. మెజారిటీ తీర్పు రాసింది జస్టిస్ ఆంటొనిన్ స్కలియా.

ప్రైవసీ మాట వచ్చిన ప్రతిచోటా ఈ తీర్పుని ఒక విజయంగా చెప్పుకుంటారు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. ఈ మధ్య ఒక శనివారం కూర్చుని, కథో నవలో చదివినట్టు మొదటినుంచి చివరిదాకా చదివాను. నేను లాయరుని కాను, ప్రోగ్రాములు రాసుకుని బతికేవాణ్ణి. మా వృత్తిలో వాళ్ళకి ఒక దురలవాటు ఉంటుంది: ఎవరు ఏ నియమం రాసినా, అది ఏ రోజున పని చెయ్యటం మానేస్తుందో వెతుకుతాం. ఈ తీర్పులో అలాంటి చోటు దొరకటానికి ఎంతోసేపు పట్టలేదు.

స్కలియా పెట్టిన నియమం స్థూలంగా ఇది. గోడ దాటి లోపలికి వెళ్తే తప్ప తెలియని సంగతిని యంత్రంతో బయటినుంచే తెలుసుకుంటే అది సోదా. కనీసం, ఆ యంత్రం సామాన్య జనం వాడకంలో లేనప్పుడు. ఆ చివరి షరతు చూడండి. అంటే యంత్రం ఖరీదుగా, అరుదుగా ఉన్నన్నాళ్ళూ మీ ఇంటి గుట్టు భద్రం. చవకైపోయి అందరి చేతిలోకీ వచ్చిందా, మీ హక్కు కరిగిపోతుంది. హక్కుని మార్కెట్ ధరకి ముడి వేసిన నియమం నేను ఇంకెక్కడా చూడలేదు.

తీర్పుతో విభేదించిన జస్టిస్ స్టీవెన్స్ ఇది అప్పుడే పట్టుకున్నాడు. ఇలాంటి కెమెరాలు అప్పటికే వేల సంఖ్యలో తయారయ్యాయనీ, 800 నంబరుకి ఫోన్ చేస్తే అద్దెకి దొరుకుతాయనీ ఎత్తి పొడిచాడు. ఆయన ముగింపుతో నేను ఏకీభవించను. వేడి గోడలోంచి బయటికి వచ్చేస్తే అది అందరిదీ, కప్పు మీద మంచు ఒకచోట తొందరగా కరిగితే పక్కింటివాడు చూడడా అన్నది ఆయన వాదం. పక్కింటివాడు మంచు కరగటం చూడటానికీ, ప్రభుత్వం రాత్రి మూడింటికి పనిగట్టుకుని వచ్చి చూడటానికీ తేడా లేదనుకోవటం నాకు అమాయకత్వంలా అనిపిస్తుంది. కానీ ఆ షరతు విషయంలో మాత్రం ఆయన మాటే నెగ్గింది. 2014లో ఫోన్‌కి తగిలించుకునే వేడి కెమెరా 350 డాలర్ల లోపు ధరకే బజారులోకి వచ్చింది. కొన్ని ఊళ్ళలో పబ్లిక్ లైబ్రరీలు పుస్తకాలతో పాటు వీటిని కూడా అరువిస్తున్నాయి. కిందటి చలికాలం మా ఇంట్లో హీటింగ్ బిల్లు ఎందుకింత వస్తోందో చూడటానికి వచ్చిన కుర్రాడు కూడా అలాంటిదే జేబులోంచి తీశాడు. మరి ఇది సామాన్య జనం వాడకం అవునా, కాదా? సుప్రీంకోర్టు ఇప్పటిదాకా విడమర్చి చెప్పలేదు.

ఇక తీర్పులో అందరూ గుర్తు పెట్టుకునే చోటు ఒకటుంది. ఈ కెమెరా ఏ సంగతులు బయటపెట్టగలదో చెప్పటానికి స్కలియా ఒక ఉదాహరణ ఇస్తాడు: ఇంటి ఇల్లాలు ప్రతి రాత్రీ ఎన్ని గంటలకి వేణ్ణీళ్ళ స్నానం చేస్తుందో కూడా తెలిసిపోవచ్చు అని. రచనగా చూస్తే గొప్ప ఎత్తు. గంజాయి పెంచుకునే మనిషి మీద ఎవరికి జాలి కలుగుతుంది? ఆయన్ని పక్కకి నెట్టి, ఆ స్థానంలో స్నానం చేస్తున్న ఒక గృహిణిని పెట్టాడు. చదివేవాడు ఉలిక్కిపడి తన ఇంటి తలుపు వేసుకుంటాడు. కానీ ఆ ఎత్తుకి మూల్యం ఉంది. ప్రైవసీ అంటే సిగ్గుకి సంబంధించిన విషయం అన్న భావం అక్కడ స్థిరపడిపోయింది. పైగా అది ఇల్లాలి సిగ్గు, అంటే ఇంటాయన పరువు. మన పల్లెటూళ్ళలో పెరటి గోడ ఎత్తు గురించి పెద్దవాళ్ళు మాట్లాడే మాటలకీ, అమెరికా సుప్రీంకోర్టు మాటకీ పెద్ద దూరం లేదు!

దీని ఫలితం ఎయిర్‌పోర్టుల్లో చూశాం. 2010 నుంచి ఇక్కడి ఎయిర్‌పోర్టుల్లో మనిషి ఒంటిని బట్టల్లోంచి చూపించే స్కానర్లు విస్తారంగా పెట్టినప్పుడు గొడవంతా నగ్నచిత్రాల గురించే జరిగింది. బొమ్మలు దాచటం జరగదని ప్రభుత్వం చెప్పింది. కానీ ఎలక్ట్రానిక్ ప్రైవసీ ఇన్‌ఫర్మేషన్ సెంటర్ వాళ్ళు సమాచార హక్కు చట్టం కింద తెప్పించిన కాగితాల్లో, పరీక్షల కోసం బొమ్మల్ని దాచే, పంపే సౌకర్యం ఉండాలని కొనుగోలు షరతుల్లోనే ఉంది. ఫ్లోరిడాలో ఆర్లాండో ఫెడరల్ కోర్టు భవనంలో వాడిన ఇంకో రకం స్కానర్‌లో 35 వేలకి పైగా బొమ్మలు నిలవ ఉన్నట్టు కూడా 2010లోనే బయటపడింది. మన భాషలో "దాచలేదు" అంటే రెండర్థాలు: దాచటం చేతకాదు, దాచటం జరగలేదు. అధికారులు మొదటి అర్థంలో హామీ ఇస్తారు, తరవాత రెండో అర్థంలో సమర్థించుకుంటారు. ప్రోగ్రాము రాసేవాణ్ణి కాబట్టి చెప్తున్నాను, దాచలేని యంత్రం ఎవరూ తయారు చెయ్యరు. మీట ఆపి ఉంచుతారు, అంతే.

2011 జులైలో వాషింగ్టన్ అప్పీలు కోర్టు, ప్రజల అభిప్రాయం అడగకుండా ఈ స్కానర్లు పెట్టటం పద్ధతి కాదని ప్రభుత్వాన్ని మందలించింది కానీ, నాలుగవ సవరణ వాదాన్ని ఒప్పుకోలేదు. 2013లో ఒంటి బొమ్మ చూపించే ఎక్స్‌రే రకం యంత్రాల్ని తీసేశారు. మిగిలిన వాటిలో ఇప్పుడు మనిషి బొమ్మ రాదు. చిన్నపిల్లలు గీసినట్టు ఒక గీతల బొమ్మ, దాని మీద అనుమానం ఉన్నచోట పసుపు రంగు డబ్బా. దానితో గొడవ సద్దుమణిగింది. సిగ్గు తీరింది కదా! సోదా మాత్రం అలాగే ఉంది.

మా అమ్మ మొదటిసారి ఇక్కడికి వచ్చి తిరిగి వెళ్ళేటప్పుడు ఆ గీతల బొమ్మ మీద రెండు డబ్బాలు వచ్చాయి. ఒకటి కొప్పు దగ్గర, ఒకటి చీర కుచ్చిళ్ళ దగ్గర. ఒక అమ్మాయి చేతి తొడుగులు వేసుకుని మర్యాదగానే తడిమి చూసి పంపించింది. అమ్మ నా వైపు తిరిగి "నాలో ఏం కనపడిందిట్రా దానికి?" అంది. ఏమీ కనపడలేదమ్మా, మడత పడిన గుడ్డ దానికి తెలియదు అన్నాను. అది నిజమే. తెలియనిదంతా అనుమానంగా లెక్కించమని ఎవరో రాశారు. అలా రాయటం తప్పని కూడా అనలేను, విమానం విషయంలో నేనైనా అలాగే రాస్తాను. కానీ చీర కట్టుకున్న ప్రతి మనిషీ ప్రతిసారీ పక్కకి వచ్చి నిలబడాలని ఆ ఒక్క అంకె నిర్ణయించింది. ఆ అంకె మీద ఏ కోర్టులోనూ వాదన జరిగినట్టు నేను వినలేదు.

ఇక్కడ నాకు ఒక తెలుగు జడ్జి గుర్తొస్తాడు. రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావు గారు. గోలక్‌నాథ్ కేసు వల్లా, 1967లో చీఫ్ జస్టిస్ పదవి వదిలి రాష్ట్రపతి పదవికి పోటీ చెయ్యటం వల్లా ఆయన పేరు చాలామందికి తెలుసు. అంతకన్నా గొప్ప పని 1962 డిసెంబరు 18న చేశారని నా అభిప్రాయం. ఉత్తరప్రదేశ్‌లో ఖడక్ సింగ్ అనే ఆయన్ని 1941లో ఒక దోపిడీ కేసులో పట్టుకుని, సాక్ష్యం లేదని వదిలేశారు. వదిలేశారన్న మాటే గానీ పోలీసులు ఆయన పేర హిస్టరీ షీటు తెరిచారు. ఇంటి చుట్టూ రహస్యంగా కాపలా, రాత్రిపూట తలుపు తట్టి ఉన్నాడా లేడా అని చూడటం, ఎక్కడికి వెళ్ళినా ఆరా తియ్యటం. సుప్రీంకోర్టులో నలుగురు జడ్జీలు రాత్రిపూట తలుపు తట్టటం ఒక్కటే తప్పన్నారు. మిగిలిందంతా చేసుకోవచ్చన్నారు. గోప్యత హక్కు మన రాజ్యాంగంలో లేదని కూడా అన్నారు.

గమనించారా? వాళ్ళు కూడా తలుపు దగ్గరే ఆగారు. 1962లో ఢిల్లీ, 2001లో వాషింగ్టన్, ఇద్దరికీ గీత గీయటానికి ఇంటి గోడే దొరికింది.

సుబ్బారావు గారు, ఆయనతో పాటు జస్టిస్ షా, ఒప్పుకోలేదు. మొత్తం నిబంధనే చెల్లదన్నారు. సుబ్బారావు గారి వాదం ఇది: మనిషిని కట్టెయ్యటానికి గొలుసులే అక్కర్లేదు, భయం చాలు. పోలీసువాడి చూపు వెంటాడుతుంటే నడక నడకలా ఉండదు. అలాంటివాడికి దేశమంతా జైలే. గోప్యత అన్న మాట రాజ్యాంగంలో లేకపోయినా వ్యక్తి స్వేచ్ఛలో అది విడదీయరాని భాగమన్నారు. ఇందులో స్నానాల గది లేదు, ఇల్లాలి సిగ్గు లేదు. చూసేవాడు ఏం చూశాడన్నది కాదు ప్రశ్న, చూస్తున్నాడని తెలిసిన మనిషి ఏమైపోతాడన్నది. టెలిఫోన్ బూత్ కేసులో, రక్షణ చోట్లకి కాదు మనుషులకి అని అమెరికా సుప్రీంకోర్టు గ్రహించింది 1967లో. అయిదేళ్ళ ముందే మన రాజమండ్రి ఆయన దాదాపు అక్కడికి చేరుకున్నారు. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది జడ్జీలు ఏకగ్రీవంగా ఆయన దారికి వచ్చేసరికి దాదాపు 55 ఏళ్ళు పట్టింది.

నిజానికి "గోప్యత" అన్న మాటే నాకు నచ్చదు. అందులో గుప్తం ఉంది, దాపరికం ఉంది. ఆ మాట వినగానే "ఏం దాస్తున్నావు?" అన్న ప్రశ్న వచ్చేస్తుంది. మా వారాంతపు పార్టీల్లో ఈ విషయం కదిపితే మిత్రులు అనేది కూడా అదే: "మనకి దాచుకునేదేముందండీ?" వీసా కోసం పది వేళ్ళూ అద్దం మీద పెట్టినవాళ్ళం, రెండోసారి ఆలోచించలేదు, నిజమే. ఆలోచించే స్థితిలో లేం. 2025 డిసెంబరు 26న అమలులోకి వచ్చిన నియమం ప్రకారం ఈ దేశంలోకి వచ్చేటప్పుడూ, పోయేటప్పుడూ సిటిజన్లు కానివాళ్ళందరి ముఖచిత్రాలూ తీసుకోవచ్చు. గ్రీన్ కార్డువాళ్ళకీ మినహాయింపు లేదు. సిటిజన్ అయితే వద్దని చెప్పొచ్చు. ఒకే ఇంట్లో మొగుడికి వద్దనే హక్కుంటుంది, పెళ్ళానికి ఉండదు.

ముఖానికి గోడ లేదు కదా. స్కలియా నియమం ఇక్కడ ఏమీ చెయ్యలేదు. సెల్‌ఫోన్ జాడల విషయంలో 2018లో వచ్చిన కార్పెంటర్ తీర్పు కొంత ముందుకి వెళ్ళింది. 127 రోజుల్లో ఒక మనిషి తిరిగిన 12,898 జాడలు వారెంటు లేకుండా తీసుకోవటం కుదరదంది. అదీ 5-4 తోనే. హైదరాబాదులో పోలీసులు 2018లోనే ముఖాల్ని పోల్చే సాఫ్ట్‌వేర్‌ని తమ ఫోన్లలోకి తెచ్చుకున్నారు. 2021 మేలో, లాక్‌డౌన్ రోజుల్లో, రోడ్డు మీద ఒక సామాజిక కార్యకర్తని ఆపి మాస్కు తియ్యమని ఫోటో తీశారు. ఆయన ఎందుకని అడిగాడు. అడిగి ఊరుకోకుండా తెలంగాణ హైకోర్టుకి వెళ్ళాడు. 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసిచ్చింది. ఖడక్ సింగ్ విషయంలో కాపలాకి కనీసం ఒక కానిస్టేబులు చలిలో నిలబడాల్సి వచ్చింది. అతనికి నిద్ర వచ్చేది, బీడీ కోసం పక్కకి వెళ్ళేవాడు. కెమెరాకి ఆ బలహీనతలు లేవు. 2023లో మన దేశం చేసిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో కూడా, తాను ఎంచుకున్న ప్రభుత్వ సంస్థల్ని ఆ చట్టం నుంచి మినహాయించే అధికారం కేంద్రం తన దగ్గరే ఉంచుకుంది. సుబ్బారావు గారు అయితే ఆ సెక్షను గురించి ఏమనేవారో ఊహించటం కష్టం కాదు.

కైలో తీర్పు వచ్చిన సరిగ్గా మూడు నెలలకి సెప్టెంబరు 11 జరిగింది. ఆ తరవాత ఈ దేశంలో గోడల గురించి మాట్లాడేవాళ్ళు తగ్గారు. ఆ అయిదుగురు చేసింది చిన్న పని అని నేను అనను. లేకపోతే ఏ కారైనా ఏ వీధిలోనైనా ఆగి చూసేది. కానీ కైలోకి ఆ హక్కు ఎందుకుందో వాళ్ళు చెప్పలేకపోయారు. ఎవరో ఇల్లాలిని అడ్డం పెట్టుకోవాల్సి వచ్చింది.

మా ఇంటికి వచ్చిన కుర్రాడు వారం తరవాత రిపోర్టు పంపాడు. రంగు రంగుల బొమ్మల్లో మా ఇల్లు భలే అందంగా ఉంది. వంటింటి గోడ మిగతా వాటికన్నా కాస్త ఎర్రగా ఉంది. ఆ సమయానికి మా ఆవిడ దోసెలు పోస్తోంది. ఈ బొమ్మలు మీ దగ్గర ఎన్నాళ్ళు ఉంచుతారని ఫోన్ చేసి అడిగాను. అతను కాసేపు ఆగి, ఆ సంగతి ఇంతవరకూ ఎవరూ అడగలేదండీ, కనుక్కుని చెప్తానన్నాడు.