ఆఖరి అక్షరం మింగే కోడి

టైడాలో తెల్లవారుజామున రెండు కోళ్లు కూస్తాయి. ఒకటి ఊళ్లో పెంపుడు పుంజు, రెండోది కొండ మీది అడవికోడి. మొదటిది కూతను చివరిదాకా సాగదీస్తుంది. రెండోది ఆఖరి అక్షరం దగ్గర ఠక్కున మింగేస్తుంది. ఈ తేడా నా చెవికెక్కడానికి మూడు చలికాలాలు పట్టింది.

నాది గాజువాక. లారీ హారన్లు వింటూ పెరిగిన చెవి. మొదటిసారి నలుగురం శృంగవరపుకోట మీదుగా ఘాట్ ఎక్కాం. వెంట బొంగు చికెన్, పాటలకో స్పీకరూ. చిరుత కనిపిస్తుందని ఆశ. ఉడుత కూడా కనిపించలేదు. జంతువులే లేవని తిట్టుకుంటూ దిగాం. ఇప్పుడు వంజంగిలో మబ్బుల కోసం ఎగబడే కుర్రాళ్లని చూసి నవ్వుదామంటే ఆ స్పీకరు గుర్తొస్తుంది.

రెండో ఏడు టైడాలో కాటేజీ దగ్గర మంట వేసుకుంటుంటే ఆ ఊరి ముసలాయన ఒకాయన వచ్చాడు. "కూకోండి బాబూ. ముందా సిగరెట్టు ఆర్పేయండి," అన్నాడు. అంతే, గంటసేపు మళ్లీ మాట్లాడలేదు. టార్చి పట్టుకోవడం మాత్రం నేర్పాడు. చెయ్యి కిందకి వేలాడేసి వేస్తే ఏమీ దొరకదు, చెంపకు ఆనించాలి. రాత్రి తిరిగే జంతువుల కంట్లో అద్దంలాంటి పొర ఒకటుంటుంది. పడ్డ వెలుగును వచ్చిన దారినే వెనక్కి పంపుతుంది. ఆ దారిలో మన కన్నుండాలి. అలా వేసేసరికి గడ్డి నిండా మంచుబొట్లు మెరిశాయి. వంగి చూస్తే సాలీళ్లు.

కొత్తవలస–కిరండూల్ లైను మీద బైలడిలా ఇనుప రాయితో గూడ్సు విశాఖ వైపు దిగుతుంటే ఆ మోతలో అంతా మునిగిపోతుంది. విసుక్కుందామంటే మా ఉక్కు కొలిమికి మేత ఆ రాయే. బండి వెళ్లాక ముందు కీచురాళ్లు అందుకుంటాయి, చాలాసేపటికి ఏ పైడికంటో గొంతు విప్పుతుంది.

లంబసింగిలో ఇంకో పాఠం. ఊరపిచ్చుకలే కదా అని నేను వదిలేసిన వాటి తెల్లటి చెంప మీద నల్ల మచ్చ ఉంది. తల మీద టోపీ అంతా గోధుమరంగే. హిమాలయాల వైపు ఎక్కువగా ఉండే చెట్టుపిచ్చుక అది. మన విశాఖ పక్షి పరిశీలకుడు కె.ఎస్.ఆర్. కృష్ణరాజు, ట్రెవర్ ప్రైస్‌తో కలిసి తూర్పు కనుమల్లో ఇది ఉందని 1973లోనే రాశారు. పులి కోసం వచ్చినవాడికి చెంప మీద మచ్చ ఏం కనిపిస్తుంది! దూరం వెళ్లే తీరిక లేనివాళ్లకు విశాఖ పక్కనే కంబాలకొండ ఉంది, 2002 నుంచి అభయారణ్యం.

మళ్లీ కోడి దగ్గరికి. ఇంచుమించు గోదావరికి ఉత్తరాన ఎర్ర అడవికోడి, దక్షిణాన బూడిదరంగుది. మన పెరటికోళ్లకు మూలపురుషుడు ఆ ఎర్రదే. మొన్న జనవరిలో మా అమ్మాయిని తీసుకెళ్లి, చీకట్లో కూర్చోబెట్టి, ఇది ఊరిది, అది అడవిదని పంతులులా చెబుతున్నాను. ఇంతలో మూడో కూత. సాగలేదు, తెగనూ లేదు. "ఇదేంటి నాన్నా?" అంది. నాకు తోచలేదు.

ముసలాయన దుప్పట్లోంచే నవ్వాడు. "మా పెట్టకి, అడివి పుంజుకి పుట్టింది బాబూ అది."