తిరగేసి చూడండి

మా చెల్లెలి కూతురు జపాను నుంచి మైదుకూరు వస్తూ ఓ పాత పట్టు కోటు తెచ్చింది. దాన్ని 'హవోరి' అంటారట, కిమోనో మీద తొడుక్కునేది. గుండీలుండవు, ముందు చిన్న తాళ్ళతో ముడి వేసుకోవాలి. మన ఎండల్లో పట్టు కోటేమిటని అందరం నవ్వాం. మా అవ్వ మాత్రం నవ్వలేదు. అస్తరు కుట్టు ఊడినచోట వేలు పెట్టి, గుడ్డ తిరగేసి చూసింది.

"ఇది అచ్చు కాదు అమ్మీ, రంగు దారంలోనే ఉండాది" అనింది.

నిజమే. ఈ రకాన్ని 'మెయిసెన్' అంటారు. పడుగును ముందు వదులుగా నేసి, దాని మీద రంగులద్ది, మళ్ళీ మగ్గానికెక్కించి, ఆ వదులు పేక ఊడదీస్తూ అసలు నేత నేస్తారు. దారాలు వెంట్రుకవాసి కదులుతాయి కదా, అందుకే పువ్వు అంచులు నీళ్ళలో నీడలా చెదిరి ఉంటాయి. ముందూ వెనకా ఒకటే పువ్వు. రాణుల పట్టేం కాదిది. సాఫీగా దారం రాని పట్టుకాయల నుంచి తీసిన పట్టుతో నేసింది. 1912-26 నాటి తైషో కాలంలోనూ, ఆ తరువాతా మధ్యతరగతి ఆడవాళ్ళు ముచ్చటపడి కట్టుకున్నది. మనలాంటివాళ్ళదే!

మన పోచంపల్లి చీర దీనికి అక్కచెల్లెలే. అయితే అక్కడ దారాలు లెక్కపెట్టి, ముడులు కట్టి, రంగులో ముంచుతారు. చీరాల తేలియా రుమాలుదీ ఆ వంశమే, దాని నూలుకు నూనె కూడా పట్టిస్తారు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, పనితనంలో నా ఓటు పోచంపల్లికే. ఈ కోటులో ఊదా పక్కన ఆకుపచ్చ కాస్త అతి. కోతలో మాత్రం వాళ్ళదే పైచేయి. దాదాపు అన్నీ నిలువు ముక్కలే. కుట్లు విప్పితే మళ్ళీ గుడ్డే! పాత చీరను పావడాగా, పావడాను బొంతగా మార్చే మన ఇంటి పొదుపే అది.

సాయంత్రం అమ్మాయి ఇంకో పొట్లం విప్పింది. దారిలో ఓ అంగట్లో పోచంపల్లి అని నమ్మి కొన్న చీర. అవ్వ దాన్నీ తిరగేసింది. వెనకవైపు వెలవెలబోయింది. అచ్చు!

అచ్చు చీర కట్టడం తప్పు కాదు, నేనూ కడతాను. ముడులు కట్టిన చేతుల పేరు పెట్టి దాన్ని అమ్మడమే తప్పు. ఆ పేరుకు మనం డబ్బిస్తున్నాం, ఆ చేతులకు దమ్మిడీ చేరడం లేదు.

తిరగేసి చూస్తే అంగడాయన మొహం చిట్లిస్తాడంటారా? చిట్లించుకోనివ్వండి.