శలాకలూ శాసనాలూ: సంఘ ప్రజాస్వామ్య వాదంపై ఒక పరిశీలన

ప్రజాస్వామ్యం ఇంగ్లాండు మనకిచ్చిన కానుక కాదు, భిక్షుసంఘంలో అది ముందే కలదు అన్న మాట మన సదస్సులలో మంగళాచరణ స్థానాన్ని పొందినది. దానికి ప్రామాణికతను కల్పించిన గ్రంథం 1924లో వెలువడిన కె.పి. జాయస్వాల్ ‘హిందూ పాలిటీ’. బుద్ధుడు సంఘ నియమావళిని గణరాజ్యాల నుండి గ్రహించాడనీ, కనుక వినయ నియమాలను బట్టి గణసభల తీరును పునర్నిర్మించవచ్చుననీ ఆయన వాదం. వలస పాలన నడుమ ఈ వాదానికి గల తేజస్సును కాదనలేము. అయితే సంఘ నియమాల నుండి గణసభకు వేసిన ఈ వంతెన అనుమానమే గాని సాక్ష్యం కాదు.

వినయంలోని పద్ధతి నిస్సందేహంగా నిశితమైనది. ఞత్తిచతుత్థ కర్మలో ప్రతిపాదన ఒకమారు, దానిపై ప్రకటన ముమ్మారు, మౌనమే సమ్మతి. కర్మను బట్టి నలుగురు మొదలు ఇరువది మంది వరకు కనీస సంఖ్య. వివాదం తెగనప్పుడు శలాకలతో అభిప్రాయ సేకరణ. కాని చుల్లవగ్గలో ఆ వెంటనే వచ్చే నియమాన్ని మన వ్యాసాలు తరచు దాటవేస్తాయి. గూఢ పద్ధతిలో శలాకలు సేకరించిన భిక్షువు, అధర్మవాదులే అధికులని గ్రహిస్తే ఆ సేకరణను చెల్లనిదిగా తిరస్కరించవలెను. ధర్మవాదులు అధికులని ముందే తెలిస్తే బహిరంగ పద్ధతినే నిశ్చింతగా అనుసరించవచ్చును. అనగా అధిక సంఖ్యకు పైన ధర్మమనే హద్దు కలదు. పరిమిత పాలనకు ఇంతకంటె సన్నిహితమైన భావన మన ప్రాచీన వాఙ్మయంలో అరుదు. భిక్షువులకిది సహజమే, ధర్మం సంఖ్యతో నిర్ణయమయ్యేది కాదు. కాని ఏది అధర్మమో నిర్ణయించేది శలాకలు లెక్కించేవాడే అయినప్పుడు, ఆ లెక్కించేవానికి హద్దు ఏది?

పురాతత్త్వ సాక్ష్యం మరింత మితభాషి. 1892లో అలెగ్జాండర్ రే తవ్వకాలలో బయల్పడిన భట్టిప్రోలు ధాతుకరండకాలపై నిగమ సభ్యుల పేర్లు కలవు. కుబీరకుడనే రాజు సింహ గోష్ఠికి ప్రముఖుడని ఒక లేఖనం చెప్పుచున్నది. రాజు పట్టణవాసులతో కలిసి దాతగా నిలిచిన ఈ దృశ్యం అపురూపమైనది. అంతమాత్రాన నిగమం రాజాజ్ఞను తిరస్కరించగలిగేదని చెప్పుట లేఖనం మోయలేని బరువును దానిపై మోపుటే.

ఆ తీరంలోనే మోటుపల్లిలో గణపతిదేవుని అభయశాసనం (1244) మరొక పాఠం. తుఫానుకు దెబ్బతిన్న ఓడల సరుకును పూర్వరాజులు హరించేవారనీ, తాను నియత సుంకం తప్ప ఏమీ గ్రహించననీ రాజు స్వయంగా ప్రకటించెను. దానికి మూడు దశాబ్దాల లోపునే, 1215లో, ఇంగ్లాండులో మాగ్నా కార్టా వర్తకులకు అన్యాయపు సుంకాల నుండి రక్షణ ఇచ్చినది. భేదం 61వ అధికరణంలో ఉన్నది: రాజు మాట తప్పితే అతని కోటలను, భూములను జప్తు చేయుటకు 25 మంది ప్రభువులకు అధికారం. మరుసటి ఏటి పునర్జారీలోనే ఆ అధికరణం మాయమైనది, ఇంగ్లాండును కీర్తించువారు ఇది మరువరాదు. పార్లమెంటు అనుమతి లేని పన్ను చట్టవిరుద్ధమని 1689లో హక్కుల చట్టం ప్రకటించుటకు నాలుగు శతాబ్దాలకు పైగా పట్టినది. మోటుపల్లిలో దయ ఉన్నది, జప్తు లేదు.

1949 నవంబరు 25న రాజ్యాంగసభలో అంబేడ్కర్ సంఘ నియమాలను స్మరించినది గర్వంతో మాత్రమే కాదు. ఆ వ్యవస్థను భారతదేశం ఒకమారు కోల్పోయినదనీ, రెండవమారు కోల్పోవచ్చుననీ ఆయన హెచ్చరిక. మన సదస్సులు మొదటి సగాన్నే ఉదహరిస్తాయి.

పద్ధతికీ హద్దుకీ మధ్య దూరం ప్రాచీన గ్రంథాలకే పరిమితం కాదు. పోర్ట్ బ్లెయిర్‌లోని డెలానీపూర్‌లో ఉండి ఈ విషయం రాయునప్పుడు అది సమీపంగానే కనిపించును. అండమాన్ దీవులకు శాసనసభ లేదు. లోక్‌సభ సభ్యుని 1967లో గాని ఓటర్లు నేరుగా ఎన్నుకోలేదు, అంతవరకు నియామకమే. 240వ అధికరణం కింద రాష్ట్రపతి జారీచేసే నిబంధనలు ఇక్కడ వర్తించే పార్లమెంటు చట్టాన్ని సైతం సవరించగలవు. ఓటు, గణన, కనీస సంఖ్య అన్నీ ఉన్నవి. వీటి ఉనికినే ప్రజాస్వామ్యానికి రుజువుగా వైశాలి విషయంలో అంగీకరించే పరిశోధకుడు, ఇక్కడ కూడా అదే కొలతతో తృప్తి చెందునా?