తీరిక ప్రయాణం – మిత్రుని స్థానం: డి.హెచ్. లారెన్స్ ‘ఎట్రస్కన్ ప్లేసెస్’పై ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

1927 ఏప్రిల్‌లో ఆంగ్ల రచయిత డి.హెచ్. లారెన్స్, అమెరికన్ చిత్రకారుడు ఎర్ల్ బ్రూస్టర్ కలిసి మధ్య ఇటలీలోని పల్లెపట్టులలో, కొండమీది పట్టణాలలో కొద్దిరోజులు తిరిగారు. ఆ యాత్రకు అక్షరరూపమే ‘ఎట్రస్కన్ ప్లేసెస్’ (1932). ఈ గ్రంథాన్ని సాధారణంగా ప్రాచీన ఎట్రస్కన్ నాగరికతపై లారెన్స్ భావనలను తెలుసుకోవడానికి చదువుతుంటారు. మిత్రుని తోడుగా తీరికగా సాగిన ప్రయాణరీతి ఆ భావనలను ఎలా రూపొందించిందో, ఏ మేరకు పరిమితం చేసిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: యాత్రాసాహిత్యం, డి.హెచ్. లారెన్స్, ఎర్ల్ బ్రూస్టర్, ఎట్రస్కన్లు, తీరిక, సహయాత్రికుడు.

1. ఉపోద్ఘాతం:

యాత్రారచనను పరిశీలించేటప్పుడు విమర్శ ప్రధానంగా రెండు అంశాలపై దృష్టి నిలుపుతుంది. ఒకటి చూసిన స్థలం, రెండవది చూసిన వ్యక్తి. పక్కన నడిచిన మనిషి చాలా సందర్భాలలో చర్చలోకి రాడు. అతడు కేవలం తోడా, లేక ఆ చూపులో భాగస్వామా అన్న ప్రశ్నకు ‘ఎట్రస్కన్ ప్లేసెస్’ అనువైన గ్రంథం. ఇది లారెన్స్ మరణానంతరం వెలువడింది. చెర్వెతెరి, తార్క్వీనియా, తార్క్వీనియాలోని చిత్రిత సమాధులు (రెండు భాగాలు), వూల్చి, వోల్తెర్రా అనే ఆరు వ్యాసాలు ఇందులో ఉన్నాయి.

2. యాత్రా నేపథ్యం:

లారెన్స్, బ్రూస్టర్‌ల స్నేహం ఈ యాత్రకు ముందే బలపడింది. 1922లో లారెన్స్ దంపతులు సిలోన్‌లోని కాండీలో బ్రూస్టర్ కుటుంబంతో కలిసి ఉన్నారు. బ్రూస్టర్‌కు బౌద్ధంపై గాఢమైన ఆసక్తి ఉండేది. పాలీ గ్రంథాల ఆధారంగా బుద్ధుని జీవితచరిత్రను కూర్చి 1926లో ప్రచురించారు. 1927 మార్చిలో దక్షిణ ఇటలీలోని రవెల్లోలో బ్రూస్టర్ దంపతుల ఇంట లారెన్స్ అతిథిగా ఉన్నారు. ఆ తరువాత మిత్రులిద్దరూ ఎట్రస్కన్ సమాధుల వైపు బయలుదేరారు.

అప్పటికే లారెన్స్‌ను క్షయవ్యాధి పీడిస్తున్నది. మూడేళ్లు తిరగకముందే, 1930 మార్చి 2న, ఆయన మరణించారు. కాబట్టి ఈ తీరికను విలాసంగా మాత్రమే భావించడం సరికాదు. వేగంగా తిరిగే శక్తి లేని మనిషి ఎంచుకున్న నడక అది. మృత్యువు దగ్గరపడుతున్న రచయిత, బుద్ధుని జీవితాన్ని కూర్చిన చిత్రకారుడు కలిసి మృతుల ఇళ్లను చూడబోవడం ఈ యాత్రలోని ప్రధానమైన విశేషం.

3. తీరిక – ఒక పరిశీలనా పద్ధతి:

రోమ్ నుంచి రైలులో పాలో స్టేషనుకు చేరిన మిత్రులకు అక్కడ బండి ఏదీ దొరకదు. చెర్వెతెరి వరకు సుమారు అయిదు మైళ్లు నడుస్తారు. ఊళ్లో ఒక సారాయి అంగడిలో భోజనానికి కూర్చుంటారు. అక్కడికి మేకతోలు కాళ్లచట్టాలు తొడుక్కున్న ఒక కాపరి వస్తాడు. ఆ ముఖంలో లారెన్స్‌కు పురాతన వనదేవత పోలిక కనిపిస్తుంది. సమాధుల వర్ణన అంతా ఆ తరువాతనే. ఈ క్రమం గమనించదగినది. దారి, ఆకలి, ఎదురైన ముఖం ముందు వస్తాయి. పురావస్తువు వాటి తరువాత వస్తుంది.

ఇది పాండిత్యాన్ని తెలియక వదిలిన తీరు కాదు. జార్జ్ డెనిస్ 1848లో ప్రచురించిన ఎట్రూరియా నగరాల, శ్మశానాల వివరణ మొదలైన గ్రంథాలను లారెన్స్ చదివారు. ఆ జ్ఞానాన్ని నడకతో, స్పర్శతో పరీక్షించుకోవడం ఆయన పద్ధతి. తార్క్వీనియాలో వారితో కలిసిన యువ జర్మన్ పురావస్తు విద్యార్థి పాత్ర ఈ పద్ధతికి ప్రతిపక్షంగా నిలుస్తుంది. ఒకే దీపం వెలుగులో ఒకే గోడను చూస్తూ, ఆ విద్యార్థి అందులో అర్థమేమీ లేదంటాడు. లారెన్స్‌కు ఆ గోడ నిండా ప్రాణం కనిపిస్తుంది. ఈ సన్నివేశంలో విద్యార్థిని కొంత తేలికచేసి చూపడం రచయిత పక్షపాతమే. అయినా అతనిని గ్రంథంలో ఉంచడం వల్ల తన చూపుకు భిన్నమైన చూపు ఉందని పాఠకునికి తెలిసే వీలు కలిగింది.

4. విందుచిత్రాలు – తీరిక చూసిన తీరిక:

తార్క్వీనియా కొండపై రాతిలో తొలిచిన సమాధులు సుమారు 6,000 ఉన్నాయి. వాటిలో కుడ్యచిత్రాలు ఉన్నవి దాదాపు 200 మాత్రమే. క్రీ.పూ. 5వ శతాబ్దికి చెందిన ‘చిరుతల సమాధి’లో స్త్రీపురుషులు పక్కపక్కనే ఒరిగి విందు చేస్తుంటారు. వేణువు ఊదేవాడు, మధువు మోసే పరిచారకుడు కనిపిస్తారు. ఇటువంటి చిత్రాల ఆధారంగా లారెన్స్ ఎట్రస్కన్లను జీవితోత్సాహం నిండిన జాతిగా, రోమన్లను ఆ ఉత్సాహాన్ని అణచిన అధికారశక్తిగా నిరూపిస్తారు.

పై సంఖ్యలను గమనిస్తే ఈ నిర్ణయంలోని లోపం తెలుస్తుంది. చిత్రిత సమాధులు సంపన్న కుటుంబాలవి. ముప్పయి సమాధులలో ఒకదానిలో కనిపించిన జీవితాన్ని జాతి మొత్తానికి ఆపాదించడం అతివ్యాప్తి. తీరికగా వచ్చిన యాత్రికుల కంటికి తీరికగా ఉన్న మృతులు ఆప్తులుగా తోచారు. బానిసల బొమ్మలను లారెన్స్ చూడకపోలేదు. వారి దేహాలలోని చైతన్యాన్ని మెచ్చుకున్నారు. ఆ చైతన్యం ఎవరి సేవకు వినియోగమయిందో మాత్రం ప్రశ్నించలేదు. ఈ గ్రంథంలోని బలహీనత ఇక్కడ ఉంది.

5. దారిలో మనుషులు:

సమాధులలో విడిచిన ప్రశ్నను లారెన్స్ దారిలో విడువలేదు. తార్క్వీనియా హోటలు బాధ్యతను భుజాన వేసుకున్న పద్నాలుగేళ్ల ఆల్బెర్తీనో, వూల్చికి రెండు చక్రాల బండి తోలిన లూయీజీ పేర్లతో సహా గ్రంథంలో నిలిచారు. మరెమ్మా ప్రాంతంలోని మలేరియా గురించి, క్వినైన్ గురించి లూయీజీ మాటల ద్వారా తెలుస్తుంది. యాత్రికుల తీరిక ఈ కుర్రవాళ్ల శ్రమపై ఆధారపడిందన్న సంగతి పాఠకుని దృష్టికి వస్తుంది.

ఫాసిస్టు పాలన కూడా ఈ దారిలోనే ఎదురవుతుంది. చీవితవెక్కియా స్టేషనులో పాస్‌పోర్టు చూపమని ఒకడు నిలదీస్తాడు. వోల్తెర్రా గోడపై ముస్సోలినీని కీర్తించే నినాదం కనిపిస్తుంది. రోమన్ వైభవాన్ని తన రాజ్యానికి ఆదర్శంగా ప్రకటించుకున్న ఏలుబడిలో, రోమ్ చేతిలో ఓడిన జాతిని ప్రేమించడం రాజకీయ వైఖరి కూడా అవుతుంది. ఎట్రస్కన్లపై లారెన్స్ చేసిన సామాన్యీకరణను చరిత్రగా అంగీకరించలేకపోయినా, నిరసనగా అర్థం చేసుకోవలసిన కారణం ఇదే.

6. ‘బి.’ అనే మిత్రుడు:

ఇంతమంది పేర్లు నిలిచిన గ్రంథంలో బ్రూస్టర్ ‘బి.’ అన్న పొడి అక్షరంగా మిగిలారు. గ్రంథంలో ‘మేము’ అన్న సర్వనామం తరచు వస్తుంది. నడిచేది, తినేది, వెతికేది ‘మేము’. వ్యాఖ్యానానికి వచ్చేసరికి అది ‘నేను’గా మారుతుంది. మిత్రుని పేరును దాచడం మర్యాద కావచ్చు. అయితే మరణాన్ని గురించి బౌద్ధమార్గంలో ఎంతో ఆలోచించిన మనిషి, ఆ సమాధి గదులలో ఏమనుకున్నాడో పాఠకునికి తెలియదు. ఎట్రస్కన్ల మరణభావన ఈ గ్రంథానికి కేంద్రం. ఆ విషయంలో సమర్థుడైన సహయాత్రికుని మాట లేకపోవడం పెద్ద వెలితి.

ఆ వెలితిని పూరించే ఆధారం గ్రంథానికి వెలుపల ఉంది. బ్రూస్టర్ దంపతులు లారెన్స్ జ్ఞాపకాలను, ఉత్తరాలను సంకలనం చేసి 1934లో ప్రచురించారు. మరుసటి ఏడు వారు భారతదేశానికి వచ్చి హిమాలయ ప్రాంతంలోని అల్మోరాలో స్థిరపడ్డారు. బ్రూస్టర్ 1957లో అక్కడే కన్నుమూశారు. 1932 నాటి యాత్రాగ్రంథాన్ని, 1934 నాటి సంకలనాన్ని పక్కపక్కన చదివినప్పుడే ఈ స్నేహానికి రెండు వైపులూ కనిపిస్తాయి.

7. ముగింపు:

యాత్ర వోల్తెర్రాలో ముగుస్తుంది. చలిగాలి వీచే ఆ కొండపట్టణపు మ్యూజియంలో చిన్నచిన్న భస్మపేటికలు ఉన్నాయి. వాటిలో కొన్నింటిపై మరణించినవారు గుడారుబండిలో ప్రయాణమై పోతున్న దృశ్యాలు చెక్కి ఉన్నాయి. లారెన్స్‌ను అవి విశేషంగా ఆకర్షించాయి. ఆ బండి పక్కన సాగే మనుషులను కూడా శిల్పి వదలలేదు. తోడు లేని ప్రయాణాన్ని ఆ శిల్పులు ఊహించలేదనిపిస్తుంది.

తీరిక ప్రయాణం లారెన్స్‌కు పుస్తకాలలో దొరకని చూపును ఇచ్చింది. అదే తీరిక విందులోని పరిచారకుని స్థితిని మరుగుపరచింది. స్నేహం ఆ ప్రయాణాన్ని సాధ్యం చేసింది. రచన ఆ స్నేహాన్ని ఒక్క అక్షరానికి కుదించింది. కాబట్టి యాత్రారచన విమర్శలో ‘ఎవరు చూశారు, ఏమి చూశారు’ అన్న ప్రశ్నలతోపాటు ‘ఎవరితో కలిసి చూశారు, ఎవరి శ్రమపై చూశారు’ అన్న ప్రశ్నలు కూడా అవసరమని ఈ పరిశీలన వల్ల అవగతమవుతున్నది.