నిజమే కావాలి, కానీ పదో వంతు

అంతరిక్షాన్ని కంప్యూటర్ తెర మీద చూపించే సాఫ్ట్‌వేర్లలో ఏం ఉండాలని వాడేవాళ్ళను అడగండి. జాబితా ఎప్పుడూ ఒకటే. ఇంకా నిజంగా ఉండాలి, ఇంకా పెద్దగా ఉండాలి, ఇంకా బోలెడు నక్షత్రాలు ఉండాలి, గ్రహం మీద దిగితే రాళ్ళు కూడా కనపడాలి. ఈ కోరికను ఉన్నదున్నట్టు నమ్మి తయారుచేసినవి కొన్ని, పూర్తిగా నమ్మకుండా తయారుచేసినవి కొన్ని. నా మట్టుకు నాకు రెండోరకమే మనసుకు పట్టింది. ఎందుకో చెప్తాను.

మొదటి రకానికి స్పేస్ ఇంజిన్ మంచి ఉదాహరణ. వ్లాదిమిర్ రొమాన్యుక్ అనే రష్యన్ ప్రోగ్రామర్ మొదలుపెట్టింది. మనిషి లెక్కకెక్కిన నక్షత్రాలు ఎన్నో కేటలాగుల్లోంచి వచ్చి వాటి చోట్లలో కూర్చుంటాయి. మనకు తెలియని చోటల్లా ప్రోగ్రామే నక్షత్రాల్ని, గ్రహాల్ని, వాటి మీద కొండల్ని పుట్టిస్తుంది. ఖాళీ అన్నది ఉండదు. మౌస్ చక్రం నాలుగుసార్లు తిప్పితే పాలపుంత దాటేస్తాం. మొదటి రాత్రి నిద్ర పట్టదు, ఒప్పుకుంటాను. వారం తిరిగేసరికి మాత్రం అదొక అందమైన వాల్‌పేపర్ అయిపోతుంది. ఆ గెలాక్సీ దాకా పోవడానికి మన దగ్గర్నుంచి ఏమీ ఖర్చు కాలేదు కదా! దూరం అంకెగా ఉంది గానీ దూరంగా లేదు.

ఇప్పుడు కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ చూడండి. మెక్సికోలో స్క్వాడ్ అనే మార్కెటింగ్ కంపెనీలో పనిచేసే ఫెలిపె ఫలాంగె ఆలోచన ఇది. 2011లో జనం చేతికి వచ్చింది, 2015లో పూర్తి రూపం తీసుకుంది. ఇందులో మనుషులు లేరు, ఆకుపచ్చ బుడ్డోళ్ళు ఉన్నారు. వాళ్ళ గ్రహం కెర్బిన్ వ్యాసార్ధం 600 కిలోమీటర్లు, అంటే మన భూమిలో పదో వంతు కూడా లేదు. అయినా నేల మీద గురుత్వాకర్షణ మాత్రం భూమిదే. అంత చిన్న గోళానికి అంత బలం రావాలంటే అది ఏ లోహమూ ఇవ్వలేనంత చిక్కటి పదార్థంతో చేసి ఉండాలి. పచ్చి అబద్ధం. కానీ ఈ అబద్ధం వల్ల ఒక పని జరుగుతుంది. భూమి చుట్టూ తిరగాలంటే సెకనుకు దాదాపు 7.8 కిలోమీటర్ల వేగం కావాలి. ఇక్కడ 2.3 చాలు. కాలేజీ పిల్లాడు రాత్రి భోంచేసి కూర్చుని, పడుకునే లోపు ఒక రాకెట్‌ని పేల్చి, ఇంకోదాన్ని ముంచి, మూడోదాన్ని కక్ష్యలో పెట్టగలడు.

కొలత మార్చారు గానీ నియమాన్ని ముట్టుకోలేదు. తేడా తెలియాలంటే కక్ష్యలో ఉన్న రెండు వాహనాల్ని కలపడానికి ప్రయత్నించండి. ముందు పోతున్నదాన్ని అందుకోవాలని మనం చేసే మొదటి పని, దాని వైపు తిరిగి ఇంజిన్ మండించడం. రోడ్డు మీద బండి తోలే బుద్ధి. అలా చేస్తే మన కక్ష్య పైకి లేస్తుంది. పై కక్ష్యలో ఒక చుట్టుకు ఎక్కువసేపు పడుతుంది. కాబట్టి అది ఇంకా దూరమైపోతుంది. అందుకోవాలంటే వేగం తగ్గించి కిందికి దిగాలి. 1965 జూన్‌లో జెమిని 4లో జేమ్స్ మెక్‌డివిట్ నిజంగానే తన రాకెట్ పై దశను ఇలా వెంబడించబోయి, ఇంధనం కాలుతోందే గానీ దగ్గర కాలేక మానుకున్నాడు. శిక్షణ పొందిన వ్యోమగామికి అయిన ఆ అనుభవం, కార్టూన్ గ్రహం చుట్టూ, మన గదిలో, అచ్చంగా మనకూ అవుతుంది. స్పేస్ ఇంజిన్‌లో ఎన్ని గెలాక్సీలు తిరిగినా కాదు.

2023లో మనవాళ్ళు టీవీల ముందు కూర్చుని ఒకటే అడిగారు: రష్యా లూనా-25 ఆగస్టు 11న బయల్దేరి అయిదారు రోజుల్లో చంద్రుడి దగ్గరికి చేరితే, జులై 14న శ్రీహరికోటలో లేచిన చంద్రయాన్-3 ఆగస్టు దాకా భూమి చుట్టూ తిరగడమేంటి? కెర్బల్ ఆడినవాడికి ఈ ప్రశ్న రాదు. మోసే బరువుకు రాకెట్ బలం చాలనివాడు భూమికి బాగా దగ్గరగా, వేగం ఎక్కువగా ఉన్నచోట కొంచెం కొంచెం ఇంజిన్ మండిస్తూ కక్ష్యను సాగదీసుకుంటాడు. అదే ఇంధనానికి అక్కడ ఎక్కువ ఫలం. ఇది వాడికి ఎవరూ చెప్పలేదు, ట్యాంకు ఖాళీ అయి ఇరుక్కుపోయిన రాత్రుల్లో తెలిసింది.

మన కథల గురించి కూడా ఇదే గొడవ కదా. యాస ఉంటే, ఊరి పేరు ఉంటే, కూర వండే పద్ధతి వివరంగా ఉంటే వాస్తవికం అనేస్తాం. పాత్రకి ఒక పని చేస్తే దాని ఫలితం తప్పదు అన్న లెక్క మాత్రం చూడం. వివరాలన్నీ సరిగ్గా ఉండి ఏదీ ఎవరికీ తగలని కథలు ఎన్ని చదవలేదు!

అలాగని కెర్బల్‌ని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. నాకు గుచ్చుకునేది కాలాన్ని తోసే బటన్. లక్ష రెట్ల వేగం దాకా పోవచ్చు. మంగళయాన్ భూమిని వదిలాక అంగారకుణ్ణి చేరడానికి పట్టిన దాదాపు 300 రోజులు ఈ లెక్కన నాలుగు నిమిషాల చిల్లర. టీ కూడా చల్లారదు. ఈ బటన్ లేకపోతే ఎవ్వరూ ఆడరు, నిజమే. మార్టిన్ ష్వైగర్ రాసిన ఆర్బిటర్‌లో మార్కులుండవు, శత్రువులుండవు, భూమి పూర్తి సైజులో ఉంటుంది. అంత నిక్కచ్చి మనిషి కూడా ఈ బటన్ పెట్టాడు. అంతరిక్షంలో అన్నిటికంటే ఎక్కువగా ఉండేది ఎదురుచూపు. వాడేవాళ్ళు అడగని నిజం కూడా అదొక్కటే.

అడిగినవన్నీ ఇస్తామంటే ఏమవుతుందో కెర్బల్ రెండో భాగం చూపించింది. వేరే నక్షత్రాలు, కాలనీలు, నలుగురు కలిసి ఆడటం అన్నారు. 2023 ఫిబ్రవరిలో సగం సగంగా విడుదల చేస్తే రాకెట్లు తాటిచెట్టులా ఊగిపోయాయి. వాతావరణంలోకి తిరిగొస్తే కాలాల్సిన వేడి కూడా అప్పటికి లేదు. మరుసటి ఏడాది ఆ స్టూడియోనే మూతపడింది. కోరికల జాబితా అంతా పెట్టారు, ఒక్క నియమాన్ని గట్టిగా నిలబెట్టలేకపోయారు.

మొదటి కెర్బల్‌లోనూ ఒక పెద్ద లోటుంది. వాహనాన్ని ఒక్క సమయంలో ఒక్క గోళమే లాగుతుంది. అందుకని భూమి, సూర్యుడు ఇద్దరి లాగుడు మధ్య కుదురుకున్న ఆదిత్య-ఎల్1 లాంటి వాహనానికి ఆ ఆటలో చోటే లేదు. దాన్ని సరిచేయడానికి అభిమానులే ప్రిన్సిపియా అనే మాడ్ రాశారు. అన్ని గోళాలూ అన్నిటినీ లాగేలా చేశారు. అప్పుడు బయటపడింది: ఆటలోని జూల్ అనే పెద్ద గ్రహం చుట్టూ అన్నాళ్ళూ ముచ్చటగా తిరుగుతున్న చందమామలు, నిజమైన లెక్క పెట్టగానే ఆ కక్ష్యల్లో నిలవడం లేదు. మాడ్ రాసినవాళ్ళు వాటిని కాస్త జరిపి, మళ్ళీ తిప్పాల్సి వచ్చింది.